కోడలు తెచ్చిన సూదులు

తొంభైల నడుమ ఒక ఏడాది, చిక్కడపల్లిలోని ఒక నర్సింగ్‌హోమ్‌లో అమ్మకు పిత్తాశయం ఆపరేషన్ జరిగింది. కుట్లు మానవలసిన సమయానికి చీము పట్టింది, జ్వరం దిగలేదు. చీము లోపలికి పాకితే ప్రాణానికే మోసం. ఆ క్రిమి ఆస్పత్రిలోనే అంటుకుందని నా అనుమానం. అనుమానమే, రుజువు కాదు. నారాయణగూడలోని ఒక ల్యాబులో చీము, మూత్రం పరీక్షించడం నా ఉద్యోగం. రుజువు చూడనిదే దేన్నీ నమ్మేదాన్ని కాను.

వదిన నమ్మకానికి రుజువులేవీ అక్కర్లేదు. మందుల కంపెనీలో పనిచేసే తన తమ్ముడి ద్వారా, బజారులో సులువుగా దొరకని కొత్త ఇంజెక్షన్లు తెప్పించింది. వాటిని అశోక్‌నగర్‌లోని ఇంట్లో ఫ్రిజ్‌లో దాచి, రోజూ థర్మాస్‌లో మంచుముక్కల మధ్య పెట్టుకుని వచ్చేది. ఆ పొడిమందుకు చల్లదనం అవసరం లేదని సీసా మీదే రాసి ఉంది. అయినా థర్మాస్ మూత తెరిస్తే చాలు, అమ్మ ముఖం వెలిగేది.

"జర ఆగు వదినె, ముందు చీము పరీక్షకు తీసుకుంట. ఈ మందుకు ఆ క్రిమి చస్తదో లేదో తెల్వాలె" అన్నాను.

అమ్మ నీరసంగా నవ్వింది. "నువ్వు పరీక్షలు చేస్కుంట కూసో, సైంటిస్టమ్మా. నా బిడ్డ మందు తెస్తది."

బిడ్డ అన్నది నన్ను కాదు.

ల్యాబులో, ఆ చీములోని క్రిములను పెంచే పళ్లెంలో రకరకాల మందుబిళ్లలు ఉంచాను. మందుకు లొంగితే బిళ్ల చుట్టూ క్రిమి పెరగక ఖాళీ వలయం మిగులుతుంది. వదిన మందును ఆనుకుని క్రిములు దట్టంగా పెరిగాయి. ఎవరూ పొగడని ఒక పాత మందు చుట్టూ మాత్రం వెడల్పైన వలయం ఏర్పడింది. నాకు ఎంత సంతోషం కలిగిందంటే, పరీక్ష మళ్లీ చేశాను. సంతోషంతో చూసిన ఫలితాన్ని నేను నమ్మను. రెండోసారీ అదే వచ్చింది.

డాక్టరు గారు రిపోర్టు చూసి వదిన సూదులు ఆపి, ఆ పాత మందుకు మార్చారు, కుట్లు విప్పి చీము కడిగించారు. జ్వరం దిగింది. మందు మేలు ఎంతో, కడగడం మేలు ఎంతో విడదీసి చెప్పలేను.

అమ్మకు ఆ సందేహం లేదు. కవాడిగూడ నుంచి చూడవచ్చిన చిన్నమ్మతో, "కోడలు ఆ సూదులు తేకపోతే నేను బతుకుతుంటినా?" అంది.

వదిన నన్ను వరండాలోకి పిలిచింది. "ఆ సూదులు పనిచెయ్యలేదని అత్తమ్మకు నేనే చెప్త. నీ పరీక్షతోనే బతికిందని చెప్త."

ఆమె చెబితే అమ్మ తప్పక నమ్ముతుంది. నేను చెబితేనే నమ్మదు.

"వద్దు వదినె," అన్నాను, "గట్లనే అనుకోనీ."