నలభై ఏడు సెకన్ల పెద్దాయన

మా ప్రచురణ సంస్థలో కంప్యూటర్లు చూసే పెద్దాయన ముందుగా లెక్కపెట్టకుండా ఏ పనీ చెయ్యరు. ఆఖరికి తుమ్మాలన్నా "మూడు... రెండు..." అంటూ చెయ్యెత్తుతారు. మేం కాఫీ కప్పులు పట్టుకుని దూరం జరుగుతాం. ఒక్కోసారి తుమ్ము రాదు. "రద్దయింది" అని ప్రకటించి పనిలో పడతారు.

వాళ్లావిడ బాధ వేరు. "కూర మాడితే 'ఇంకో అయిదు సెకన్లలో నాకు కోపం వస్తుంది' అంటారమ్మా. ఆలోపు నేనే అరిచేస్తాను. ఆయనకి వంతే రాదు."

మా ఆఫీసు కంప్యూటర్లన్నీ ఒకే సర్వర్ మీద నడుస్తాయి. రోజుకోసారి, వీలు చూసి, దాన్ని ఆపి మళ్లీ నడిపించడానికి షెల్ స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం ఉంది. ఒకప్పుడు అది నడిస్తే చెప్పాపెట్టకుండా తెరలన్నీ ఆరిపోయేవి. పెద్దాయన ఊరుకుంటారా? దానికీ లెక్క తగిలించారు. 'సర్వర్ ఆగబోతోంది, సేవ్ చేసుకోండి' అని ప్రతి తెర మీదా ఎర్రగా పడుతుంది. కింద అంకె తగ్గుతూ ఉంటుంది. ప్రతి అంకెకీ టిక్కుమని చప్పుడు. పదీ కాదు, అరవయ్యీ కాదు, సరిగ్గా నలభై ఏడు.

"నలభై ఏడేంటండీ?" అన్నాను, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న దాన్ని కాబట్టి.

"కొలిచాను."

"దేన్ని?"

"కొలవాల్సినదాన్ని."

మేనేజరుకి ఒళ్లు మండిపోయేది. పెద్దాయన సెలవు పెట్టిన రోజే నన్ను పిలిచారు. "అమ్మాయ్, దాన్ని అయిదు చేసెయ్. గోల వదులుతుంది."

చేసేశాను. నడిపించాను. అయిదు టిక్కులు, తెరలు నల్లబడ్డాయి.

వరండా చివర మంచినీళ్ల దగ్గర నుంచి "అయ్యో, నా పేజీలు!" అని కేక. మా నిఘంటువు టైపు చేసే అత్తయ్యగారు. ఆఫీసంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తాం. మోకాలికి ఆపరేషనయింది. చేతికర్ర టకటకలాడించుకుంటూ వస్తున్నారు. ఎందుకో మనసులో లెక్కపెట్టాను. కుర్చీ చేరేసరికి నలభై నాలుగు. కూర్చుని, ఆరిపోయిన తెర ముందు అలవాటుగా సేవ్ నొక్కేసరికి నలభై ఏడు.

వెంటనే పెద్దాయనకి ఫోన్ చేశాను.

"పొద్దుటి నుంచి కొట్టిన పద్నాలుగు పేజీలు పోయాయండీ. ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే ఆవిడ చెవిన పడుతుంది. కుర్చీకి అతుక్కుపోతుంది. డాక్టరేమో గంటకోసారి నడవమన్నాడు. ఇంకో మూడు సెకన్లలో నిన్ను తిడతాను. మూడు... రెండు..."

నేను కళ్లు మూసుకున్నాను.

"రద్దయింది. వెళ్లి ఆ పేజీలు కొట్టిపెట్టు."

సాయంత్రం వరకూ అత్తయ్యగారు చదువుతుంటే నేను టైపు చేశాను. అంకెని మళ్లీ నలభై ఏడు చేశాను. ఎందుకని మేనేజరు అడిగితే, "కొలిచానండీ" అన్నాను.

రెండు నెలలకి ఆ అంకె నలభై మూడయింది. తర్వాత ముప్ఫై ఎనిమిది. నిన్న ముప్ఫై ఒకటి.

"చూశావా, మెల్లగా నా దారికొస్తున్నాడు!" అని మేనేజరు మీసం దువ్వుకున్నారు.

నేను తలూపాను. వరండాలో అత్తయ్యగారు చేతికర్ర లేకుండా మంచినీళ్లకి వెళ్తున్నారు. తలుపు చాటున పెద్దాయన గడియారం చూసుకుంటూ, పెదాలు కదుపుతూ నిలబడ్డారు.