రెండో కుర్చీ

"మీరేం నొక్కకండి డాక్టరు గారూ. ముందు తెర మీద ఏముందో చదివి వినిపించండి. ఆ... ఇప్పుడు పైన కుడిచేతి మూల చిన్న గడియారం బొమ్మ ఉంటుంది, కనపడిందా? దాని మీద ఒక్కసారే నొక్కండి. రెండుసార్లు నొక్కితే దానికి కోపమొస్తుంది."

అవతల డాక్టరు నవ్వినట్టున్నాడు. ఆవిడ హెడ్‌సెట్ మెడలోకి జార్చుకుని, పక్కనున్న స్టూలును, తన సంగతులు విందామని వచ్చిన నావైపు తోసింది. ఆస్పత్రి అడుగు అంతస్తులో కిటికీ లేని గది అది. ఈ ఆస్పత్రిలో ఏ కంప్యూటరు మొరాయించినా ఫోను మోగేది ఇక్కడే. ఆవిణ్ణి అందరూ టైలరమ్మ అంటారు. మొన్నమొన్నటిదాకా ఆవిడ పని అదే మరి.

రెడీమేడ్ బట్టలొచ్చి కుట్టుపని పలచబడ్డాక, టైర్ల షాపు పైనున్న చిన్న కాలేజీలో ఐటీ కోర్సులో చేరింది. ఇంట్లో నవ్వులే నవ్వులు. సూదిలోకి దారం ఎక్కించలేనిదానివి, ఆ బుల్లి అక్షరాలేం చదువుతావని భర్త ఎగతాళి చేస్తే, సూదికి వెలుగుండదు, దీనికుంటుంది అని ఊరుకుంది. క్లాసులో కూతురి ఈడు పిల్లలు మొదట్లో ఆంటీ అన్నారు. లెక్చరరు చెప్పింది బుర్రకెక్కనప్పుడల్లా ఆవిడ దగ్గర చేరడం మొదలెట్టాక అక్క అన్నారు.

ల్యాబ్‌లో ఇద్దరికొక కంప్యూటరు. ఒకరు కీబోర్డు ముందు, ఒకరు పక్కన రెండో కుర్చీలో. టైలరమ్మ జతగత్తె ఒక బక్కపిల్ల. వేళ్లు చకచకా గింజలేరుతున్నట్టు ఆడతాయని అందరూ పిచ్చుక అనేవారు. ఈవిడ ఏం రాయాలో చెబుతుంది, ఆ పిల్ల కొట్టేస్తుంది. చదువు ముగిసేదాకా ఇద్దరూ కుర్చీలు మారలేదు. మార్కులు బాగానే పడుతున్నాయి కాబట్టి అదొక లోటని ఎవరికీ తట్టలేదు.

ఆఖర్న ఒక కంపెనీవాళ్లు ఉద్యోగాలిస్తామని వచ్చి, మనిషికో కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. టైలరమ్మకు జవాబు తెలుసు, వేళ్లే కదలవు. వెతుక్కుని వెతుక్కుని ఒక్కో అక్షరం కొట్టేసరికి టైమైపోయింది. పక్క బల్ల దగ్గర పిచ్చుక వేళ్లు కీల మీద పెట్టుకుని, అక్క గొంతు కోసం ఇటే చూస్తోంది. ఇద్దరూ ఉత్త చేతులతో బయటికొచ్చారు.

"ఆ రోజు మా ఆయన కుట్టు మిషన్ తుడిచి, నూనె వేసి పెట్టాడు. ఎగతాళి చేసినా బాగుండేది."

మర్నాడు మిషన్ మీద మళ్లీ గుడ్డ కప్పేసి కాలేజీకి వెళ్లింది. ఖాళీ వేళల్లో ల్యాబ్ తెరవమని సారును బతిమాలి, పిచ్చుకను రెక్క పట్టుకుని రెండో కుర్చీలో కూర్చోబెట్టింది. నువ్వు చెప్పు, నేను కొడతానంది. ఆ పిల్లకు నోరు పెగల్లేదు. ఈవిడ వేళ్లు తడబడ్డాయి. ఒకరి మీద ఒకరు విసుక్కున్నారు, అలిగారు, మళ్లీ కూర్చున్నారు.

ఈ ఆస్పత్రివాళ్లు పిలిచిన నాడు, పరీక్ష పెట్టే ఆయన పక్క గదిలోకి వెళ్లి ఫోన్ చేశాడట, ప్రింటరు పనిచెయ్యట్లేదు, ఏం చెయ్యాలీ అని. కంటికి కనపడని ప్రింటరును మాటతోనే దారికి తెచ్చింది. అదయ్యాక, జరిగిందంతా టైపు చేసివ్వమన్నాడు. నెమ్మదిగానే అయినా, తప్పు లేకుండా ఇచ్చింది.

"ఐటీ అంటే ప్రోగ్రాములు రాయడమొక్కటే అనుకున్నాం. ఇలాంటి కొలువొకటి ఉంటుందని మాకెవరు చెప్పారు? పిచ్చుక ఇప్పుడు ప్రోగ్రాములే రాస్తోంది. మీటింగుల్లో దాని నోటికి అడ్డూ ఆపూ లేదట."

ఫోను మోగింది. హెడ్‌సెట్ చెవికి తగిలించుకుంటూ, చెయ్యి అడ్డం పెట్టి నాతో అంది:

"మీరు టైర్ల షాపు మీదుగానేగా వెళ్లేది? ఒకసారి పైకెక్కి మా ల్యాబ్ సారుతో నా మాటగా చెప్పండి, పిల్లల చేత రోజూ కుర్చీలు మార్పించమని. ఆయన మొహమాటస్తుడు, చూద్దాంలే అంటాడు. దగ్గరుండి మార్పించాకే మెట్లు దిగండి."