కాగితం మీద నిలకడగా ఉన్న బీపీ

మొన్న ఆదివారం కోకాపేటలో, మాతో పనిచేసి రిటైరైన ఒక డాక్టరుగారి కొత్త ఫ్లాటులో పాతవాళ్ళమంతా కలిసినప్పుడు మా పెద్ద సర్జన్‌గారి ప్రస్తావన వచ్చి, ఆయన వెన్నెముక ఆపరేషన్ చేస్తే చుక్క రక్తం కనిపించేది కాదని ఒకరు అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. నా ఒళ్ళు మండిపోయింది. మత్తు డాక్టరుగా ఆయన పక్కన పదకొండేళ్ళు నిలబడ్డవాణ్ణి. ఆ రక్తం ఎందుకు కనిపించేది కాదో నాకు తెలుసు.

ఆ రోజుల్లో రోగి బీపీని కావాలనే బాగా దించేవాళ్ళం. బీపీ తగ్గితే రక్తం తక్కువ కారుతుంది, సర్జన్‌కు లోపల స్పష్టంగా కనబడుతుంది. వెన్నులోని నరాలు బతికేదీ ఆ రక్తంతోనేనని మాకు తెలియక కాదు. అప్పట్లో మందులు లేవు కదండీ అని ఇప్పుడు ఎవరైనా మా తరాన్ని వెనకేసుకొస్తే ఇంకా కోపం వస్తుంది. పడిపోయిన బీపీని లేపే మందు ఉండేది. సిస్టర్ దాన్ని సిరంజిలోకి తీసి, పేరు రాసిన ప్లాస్టరు అంటించి, నా చెయ్యి అందేంత దూరంలో ట్రేలో పెట్టేది.

ఒకరోజు మూసాపేటలో ఉంటూ బాలానగర్‌లో పవర్‌ప్రెస్సు మీద పనిచేసే నలభై ఏళ్ళాయన వచ్చాడు. మిషన్లో రేకు పెట్టి కుడికాలితో పెడలు తొక్కడం ఆయన పని. ముందునుంచీ బీపీ ఎక్కువున్న మనిషి. అలాంటివాళ్ళకు, మిగతా అందరికీ దించినంతగా దించకూడదు. వీపు మధ్యలో డిస్కు నరాన్ని నొక్కుతోందని, బోర్లా పడుకోబెట్టి మొదలుపెట్టాం. కాసేపటికే సర్జన్‌గారు, “ఏమయ్యా, నన్ను ఆపరేషన్ చేయమన్నారా, బావి తవ్వమన్నారా? దించు!” అన్నారు. దించాను. అది నేననుకున్న చోట ఆగలేదు. సిస్టర్ నా పక్కకు జరిగి, “సార్, బీపీ మస్తు పడిపోతున్నది. జర మందియ్యుండ్రి,” అంది.

“ఆగమ్మా, సర్జన్‌గారి చేత నన్ను తిట్టిస్తావా ఏంటి,” అన్నాను. ఇరవై నిమిషాలు ఆగాను.

ఆపైన చేసింది ఇంకా నీచం. ఐదేసి నిమిషాలకోసారి బీపీ నమోదు చేసే కాగితం మీద, ఆ ఇరవై నిమిషాలకూ బీపీ అసలు పడనట్టే ముగ్గు చుక్కల్లా సమానంగా చుక్కలు పెట్టేశాను.

ఆ రోగి కుడిపాదం మళ్ళీ లేవలేదు. “ఆపరేషన్ మంచిగైందన్నరు గద సార్, మరి కాలెందుకు లేస్తలేదు?” అని ఆయన భార్య అడిగితే, నరం కోలుకోవాలమ్మా, లేస్తుంది అన్నాను. జబ్బువల్లే పోయి ఉండొచ్చు, ఎవరూ కచ్చితంగా చెప్పలేరు అన్న మాటను ఇన్నేళ్ళూ దుప్పటిలా కప్పుకున్నాను. చెప్పలేకపోవడానికి కారణం ఆ కాగితమే కదా, దాన్ని రాసిందెవరు?

మా కోడలు హైటెక్ సిటీలో ఒక ఆసుపత్రిలో ఇదే మత్తు డాక్టరు పని చేస్తోంది. రోగిని బోర్లా తిప్పకముందే బీపీని నిలబెట్టే మందు సన్నగా ఎక్కించడం మొదలుపెడతారట, బీపీ చాలదని ఆమె అంటే సర్జన్ చేతిలోది పక్కన పెట్టి ఆగుతాడట, అంకెలు యంత్రమే రాసుకుంటుందట. ఆమె ఇదంతా మామూలు విషయంలా చెబుతుంటే సంతోషంతో పాటు, సిగ్గులేకుండా, కొంత అసూయ కూడా కలుగుతుంది.

కోకాపేటలో ఆ చప్పట్లు ఆగాక లేచి నిలబడి ఈ సంగతంతా చెప్పేశాను. “ఇప్పుడెందుకండీ అవన్నీ, చల్లారిపోతున్నాయి, భోంచేద్దాం రండి,” అన్నారెవరో. మర్నాడు బాలానగర్ వెళ్ళాను. ఆయన పనిచేసిన షెడ్డు చోట మోటారు సైకిళ్ళ షోరూము ఉంది. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు. కాలెందుకు లేవట్లేదని అడిగిన రోజున ఆయన భార్య నా ఎదురుగానే ఉంది, జవాబు నా నోట్లోనే ఉంది. ఇప్పుడు జవాబొక్కటే మిగిలింది.