చింతచెట్టు మీది కొంగపిల్లలు

మా చిన్నప్పుడు... పెద్దపంజాణి దగ్గర మా ఊళ్లో, ఇంటి వెనక చింతచెట్టు నిండా కొంగల గూళ్లు ఉండేవి. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఉన్న పెద్ద కొంగలు. చలి తగ్గే వేళకి ఎక్కడినుంచో వచ్చి గుడ్లు పెట్టేవి.

బడి నుంచి రాగానే సంచి పంచలో పడేసి చెరువుకట్ట మీద కూర్చునేదాన్ని. మోకాలి లోతు నీళ్లలో అవి మెల్లగా నడుస్తూ చేపలు పట్టేవి. ఒకటి చెరువుకి వస్తే, దాని జోడీ గూట్లో పిల్లలకి కాపలా ఉండేది.

పెరట్లో రెట్ట కంపుకి మా అవ్వ విసుక్కునేది గానీ, ఎవరైనా చెట్టు మీదికి రాయి విసిరితే మాత్రం ఊరుకునేది కాదు.

ఒక ఎండాకాలం సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది... గాలి, వెంటనే వడగళ్లు. నిమ్మకాయలంత.

వెనక తలుపులోంచి చూస్తున్నాం. దగ్గరి కొమ్మ మీద ఒక కొంగ రెక్కలు విప్పి పిల్లల మీద పరిచి కూర్చుంది. వీపు మీద వడగళ్లు పడుతున్నా కదల్లేదు. మా నాయన ఉండబట్టలేక తల మీద గంప బోర్లించుకున్నాడు.

"యాడికి పోతాండావప్పా? పొయ్యి ఏం సేస్తావు?" అంది అవ్వ.

అయినా పోయాడు. చెట్టు కింద నిలబడి పైకి చూశాడు... అంతే. అంత ఎత్తు కొమ్మకి ఎవరు మాత్రం ఏం చేయగలరు?

చూస్తుండగానే కొమ్మ విరిగింది. పెద్దకొంగ కింద పడ్డాక మళ్లీ లేవలేదు. ప్రాణమున్న పిల్ల ఒక్కటే దొరికితే నాయన గంపలో తెచ్చాడు. పాత చీరగుడ్డలో చుట్టి పొయ్యి దగ్గర పెట్టాం. అవ్వ దాని ముక్కు తెరిచి నీళ్లు పోయబోయింది... పిల్ల మింగలేదు. కాసేపటికే మెడ వాల్చేసింది.

వాన వెలిశాక చెరువు నుంచి ఆ పెద్దకొంగ జోడీ వచ్చింది. విరిగిన కొమ్మ మొదట్లో వాలి, మెడ వంచి, ఎప్పటిలాగే గొంతులోని చేపలు కక్కింది. అవి జారి బురదలో పడ్డాయి. అది కిందికి చూసింది... మళ్లీ కొమ్మకేసి చూసింది.

"దానికి ఎవురు సెప్తారు నాయనా..." అంది అవ్వ.

మరునాడూ వచ్చింది. ఆ మరునాడూ... తర్వాత రాలేదు.

మిగతా కొంగలు ఇంకొన్నేళ్లు వచ్చాయి. చెరువులో నీళ్లు నిలవడం మానేశాక, అవీ తగ్గి తగ్గి పూర్తిగా ఆగిపోయాయి.

ఇప్పుడు నేనుండేది మదనపల్లెలో. మొన్న ఊరికి పోయినప్పుడు ఆ చెట్టు కింద నిలబడి తలెత్తి చూశాను. ఆకుల సందుల్లో ఆకాశం తప్ప ఏమీ లేదు...

మీ ఊళ్లో కొంగలు ఇంకా గూళ్లు కడుతున్నాయా? కడుతుంటే ఎక్కడో చెప్పండి... ఒకసారి వచ్చి చూసిపోతాను.