వెనక వెడల్పు

నున్నగా సిమెంటు గిలాబు చేసిన గోడ కనిపిస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మంట గోడ మీద కాదు, సగం ఒక కాలేజీ యజమాని మీద, సగం నా మీద.

తొంభైల చివర్లో హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. ఏ హాల్లో మాట ఎట్లా వినబడుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి చెప్పడం మా పని. మా ప్రోగ్రాంలో గదిని గీయడం ఉండేది కాదు, రాయాలి. ప్రతి మూలకూ ఒక పేరు, మూడు అంకెలు. ఆ తర్వాత ఏ మూలలు కలిస్తే ఏ గోడ అవుతుందో, దాని మీద గిలాబా, చెక్కా, పరదానా అన్నది వరసగా రాసుకుంటూ పోవాలి. మూలల వరస తిరగబడితే గోడ ముఖం బయటికి తిరిగేది. అంకెల బదులు పేర్లు కూడా వాడొచ్చు. పైన ఒకచోట ‘వెనక వెడల్పు’ అని అంకె ఇచ్చి పెడితే, తర్వాత ఆ ఒక్కటి మార్చినా హాలంతా దానంతటదే సర్దుకునేది. ఆఫీసులో ఆ కిటుకు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కళ్లు నెత్తికెక్కడానికి అది చాలు.

మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీ కొత్తగా హాలు కట్టింది. వేదిక మీద ఎవరు మాట్లాడినా వెనక కూర్చున్నవాళ్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒక మాట మీద ఇంకో మాట ఎక్కి కూర్చునేది. తప్పు హాలు గీసిన నక్షదా, కట్టినవాళ్లదా తేల్చమని యజమాని మా ఆఫీసుకు అప్పజెప్పాడు. కట్టిన మేస్త్రి మా బాపు. మా నార్కట్‌పల్లి నుంచి అక్కడిదాకా, బాపు లేపిన గోడకు తూకం గుండు పట్టి చూడక్కర్లేదనేవాళ్లు. ఆ పేరే ఆయన ఆస్తి.

కట్టింది మా బాపేనని మా ఆఫీసు సారుకు చెప్పాను. అయితే నువ్వే చెయ్యి, నీ నిజాయితీ ఏపాటిదో చూద్దాం అన్నాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. నక్ష ముందేసుకుని హాలు రాశాను. నక్షలో హాలు వేదిక దగ్గర సన్నగా మొదలై, వెనక్కి పోయేకొద్దీ చాటలాగా విచ్చుకుంటుంది. మాట చక్కగా వినబడుతుందని లెక్క తేలింది. నక్షలో తప్పు లేదు, లోపం కట్టడంలోనే ఉందని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. సొంత బాపని కూడా చూడలేదని సారు మెచ్చుకుంటే సిగ్గులేకుండా మురిసిపోయాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

యజమాని కూలీలు, మేస్త్రీలు అందరినీ పిలిపించి, వాళ్ల ముందు ఆ కాగితాన్ని చదివించాడు. బాపు మొదలుపెట్టిన హాస్టల్ పని ఇంకొకరికి ఇచ్చాడు. నేను ఇంటికి పోతే బాపు ఒక్కటే అడిగాడు.

“హాలు చూసినవా బిడ్డా?”

“నక్ష చూసిన బాపు.”

“నేను నక్షల కట్టలే. జాగల కట్టిన.”

మర్నాడు ఇద్దరం టేపు పట్టుకుని పోయాం. హాలు వెనక కొలిస్తే ముందెంత వెడల్పో అంతే. పక్కగోడలు ఎక్కడా విచ్చుకోలేదు, అద్దంలా నున్నగా ఎదురెదురు నిలబడ్డాయి. చప్పట్లు కొడితే ఆ శబ్దం వాటి మధ్య టపటపా కొట్టుకుంది. పునాదికి ముగ్గు పోసిన రోజు, చాటలాంటి హాలుకు మూలలు కుదరవని, నైరుతి చెడుతుందని వాస్తు పంతులు అన్నాడట. యజమాని ముగ్గు చెరిపించి, మూలమట్టం పెట్టి మళ్లీ పోయించాడట. నక్షలో ఇట్లా లేదని బాపు అంటే, కాలేజీ నీదా నాదా అని అడిగాడట. అన్నీ తెలిసే ఆ మనిషి మాకు పాత నక్ష పంపాడు.

ఇదంతా నాకెందుకు చెప్పలేదని బాపు మీదే అరిచాను.

“నువ్వు అడిగినవా?” అన్నాడు.

ఆఫీసుకొచ్చి ‘వెనక వెడల్పు’ దగ్గర ఒక్క అంకె మార్చాను. గోడలు దగ్గరికి జరిగాయి. ఆ హాల్లో విన్న గోలే లెక్కలోనూ తేలింది. కొత్త రిపోర్టు సారు ముందు పెట్టాను. తప్పని ఆయన కూడా అనలేదు. పని ఇచ్చినవాడిదే తప్పని మనమే రాసిస్తామా అని సొరుగులో పడేశాడు. నోటికొచ్చినట్టు తిట్టి బయటికొచ్చాను, మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

నా దగ్గరున్న ఇంకో ప్రతి తీసుకుని ఇంటికి పోయాను. బాపుకు చదువు రాదు. ఒక్కో మూల చదువుతుంటే కళ్లు మూసుకుని తలూపాడు.

“గిది నేను కట్టిన హాలే,” అన్నాడు. “గా కాగితం అందరి ముందట చదివిండ్రు బిడ్డా. గిది నా ఒక్కని ముందట చదువుతున్నవు.”

అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను. ముగ్గు చెరిపించింది యజమాని. చూడకుండా సంతకం పెట్టింది నేను. మా బాపు గోడలో వంక లేదు.