‘వుడ్ హావ్’ టీచరు

ఆ రోజుల్లో ఇంగ్లీషు చెప్పే కాంతమణి టీచరును సికింద్రాబాదు పిల్లలు ‘వుడ్ హావ్ టీచరు’ అనేవాళ్లు. ఎంత ఎండలో నడిచొచ్చినా ఆమె నేతచీర కుచ్చెళ్లు చెదిరేవి కావు. సుద్దముక్క గోరంత అయ్యేదాకా పారేసేది కాదు. “జరగకుండా పోయినవాటికి వాడే మాటమ్మా ఇది. వాన పడి ఉంటే పంట పండేది. అంటే వానా పడలేదు, పంటా పండలేదు,” అని చెప్పి, ఒక్కో పిల్లను లేపి వాక్యం అడిగేది. ఎవరు చెప్పినా “మళ్లీ చెప్పు, గట్టిగా,” అనడం ఆమెకు అలవాటు. 1948లో పోలీసు చర్య తర్వాత బడి తెరిచాక ఒకరోజు మహమూదా వంతు వచ్చింది. బట్టల బేరానికి బీదరు వెళ్లిన ఆ పిల్ల తండ్రి అక్కడి గొడవల్లో చనిపోయాడు. “ఆ రోజు అబ్బాకు రైలు తప్పిపోయి ఉంటే, ఇవాళ ఇంట్లో ఉండేవాడు,” అని మహమూదా తప్పులేని ఇంగ్లీషులో చెప్పింది. టీచరు మళ్లీ చెప్పమనలేదు. “కూర్చో అమ్మా,” అంది.

ఆ సాయంత్రం టీచరు మహమూదా ఇంటికి వెళ్లింది. “రేపటిసంది పిల్లను పంపను టీచరమ్మా. తోడెవరున్నరు? రోడ్డు మీదికి పంపాల్నంటే భయమైతుంది,” అంది తల్లి నూర్‌బీ.

“నేనున్నానుగా నూర్‌బీ. పొద్దున నేనే వచ్చి తీసుకెళ్తాను. సాయంత్రం నేనే దింపుతాను.”

నూర్‌బీ లోపలికి వెళ్లి చాయ్ తెచ్చింది. మహమూదా మెట్రిక్ పాసయ్యేదాకా పద్మారావు నగర్ వీధిలో ఇద్దరూ ఒకే గొడుగు కింద బడికి నడిచేవాళ్లు. వాళ్లు మలుపు తిరిగేదాకా నూర్‌బీ గుమ్మంలోనే నిలబడి చూసేది.