వేదికకు వీపు పెట్టి చూసిన ఆట

మా పిల్లల సమీక్షలు చదివి చదివి విసుగెత్తి పెట్టుకున్న ప్రయాణం ఇది. నేను నాగర్‌కర్నూల్‌లో ఉంటాను, వనపర్తిలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతాను. ఒక ప్రదర్శనను చూసి బాగోగులు తూచి రాయడం వాళ్ల పాఠాల్లో ఒకటి. పోయినసారి కాలేజీలో నాటకం చూపించి రాయమంటే పది మందీ కూడబలుక్కున్నట్టు "నటన అద్భుతం, సంగీతం శ్రావ్యం, మొత్తం మీద మంచిగుంది" అని రాసి చేతులు దులుపుకున్నారు. ఆ నాటకంలో రాజుగారి మీసం సగం ఊడి వేలాడింది. సేనాపతి ఒకే మాట మూడుసార్లు చెప్పాడు. ఒక్కరికీ అవి కనబడలేదు, కనబడినా రాయలేదు. ఇకమీద "మంచిగుంది" అని రాసిన కాగితానికి సున్నా వేస్తానని ఆ రోజే చెప్పేశాను.

సరిగ్గా అప్పుడే తిమ్మప్ప ఫోన్ చేశాడు. ఇటిక్యాల దగ్గరి ఒక పల్లెలో యక్షగానం ఆడే బృందానికి ఆయనే పెద్ద, హార్మోనియం కూడా ఆయనే వాయిస్తాడు. మా కాలేజీలో ఒకసారి ఆడినప్పటి నుంచి పరిచయం.

"గద్వాలల ఆడనీకి పిలిచిన్రు మేడం. కాని గంటన్నరల ఖతం చేయాల్నంట. మాది రెండున్నర గంటల ఆట. రాణి ఏడ్చే సీను తీసేద్దామనుకుంటున్న. అది రాంగనే జనం లేచిపోతున్రు" అన్నాడు.

ఆ రాణి వేషం కట్టేది నర్సన్న. తిమ్మప్పకు పిల్లనిచ్చిన మామ, అరవై దాటిన మనిషి. మీసాలు రాని వయసు నుంచీ ఆడవేషాలే కట్టాడు. ఆ సీను పోతే ఆయనకు మిగిలేవి సభలో రెండు మాటలు. "మా మామకు నేనెట్ల చెప్పాలె? మీ పిల్లలు చూసి చెప్తే ఆయన కాదనడు" అన్నాడు తిమ్మప్ప. మామతో తగువు తనకెందుకని మా చేత అనిపించాలని చూస్తున్నాడని అర్థమైంది. అయినా వస్తామన్నాను. పిల్లలకు మాత్రం ఈ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. ముందే చెబితే వాళ్లు ఆట చూడరు, తీర్పు చూస్తారు.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు వనపర్తి బస్టాండులో బయలుదేరాం. పెబ్బేరు మీదుగా ఎర్రవల్లి చౌరస్తాకు పోయే బస్సులు దొరుకుతాయి, గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి నేనూ ఆడపిల్లలూ దర్జాగా కూర్చున్నాం, డబ్బులు పెట్టిన మగపిల్లలు సీటు దొరక్క నిలబడ్డారు. పెబ్బేరు దాటాక చీటీలు పంచాను. ఒక్కొక్కరు ఒక్కటే చూడాలని షరతు. ఒకరికి గొంతు, ఒకరికి చేతులు, ఒకరికి బట్టలు. ఇర్ఫాన్‌కు కాళ్లు వచ్చాయి. ఖిల్లా ఘణపూర్ నుంచి వచ్చే మహేశ్వరికి "జనం" అని వచ్చింది. అంటే ఆట జరిగినంత సేపూ వేదికకు వీపు పెట్టి కూర్చుని, చూసేవాళ్లను చూడాలి.

మహేశ్వరి ముఖం మాడిపోయింది. "గింత దూరం వచ్చి జనాన్ని చూడాల్నా మేడం? వనపర్తిల జనం లేరా?" అంది. బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన వచ్చేసరికి అందరూ కిటికీలకు అతుక్కుపోయారు, తను మాత్రం చీటీనే చూస్తూ కూర్చుంది. నాకు జాలేసింది. కానీ చీటీ మార్చలేదు.

ఎర్రవల్లి చౌరస్తా నుంచి పల్లెకు ఆటోలే దిక్కు. మనిషికి ముప్పై రూపాయలు, రెండు ఆటోల్లో సర్దుకున్నాం. పత్తి ఏరే కాలం, దారికి రెండు పక్కలా చేలు తెల్లగా ఉన్నాయి. మా ఆటో నడిపిన ఖాజా ఆ ఊరివాడే. "ఆటకా మేడం? నర్సన్న రాణి ఏషం చూడాల్సిందే. చిన్నప్పుడు నేను నిజంగ ఆడామె అనుకున్న. తెల్లారి లుంగీల బీడీ తాగుకుంట కనబడితే పరేషాన్ అయిన" అన్నాడు. తిమ్మప్ప ఒకటి చెప్పాడు, ఖాజా ఇంకోటి చెప్పాడు. రెండూ మనసులో పెట్టుకున్నాను.

ఆట ఆరున్నరకు పంచాయతీ ఆఫీసు ముందు మొదలైంది. బల్లలు కలిపి కట్టిన వేదిక, రెండు పక్కలా నిలువు పరదాలు, నడుమ ఒకే ఒక్క మైకు. కుడి పక్కన తిమ్మప్ప హార్మోనియంతో, ఆయన వెనక మద్దెల. కింద టార్పాలిన్ మీద ఆడవాళ్లు, వెనక కుర్చీల్లో పెద్దలు, ఆ వెనక చాయ్ హోటల్ దగ్గర మగవాళ్లు. నేను ముందు వరసలో కూర్చున్నాను. నా పక్కనే మహేశ్వరి వేదికకు వీపు పెట్టి కూర్చుంటే, "ఈ పిల్లకు కోపమొచ్చిందా ఏంది?" అని ఒక అవ్వ నన్ను అడిగింది.

కథ చిన్నదే. చిన్న కొడుకు యుద్ధానికి పోతుంటాడు, రాణి వాడికి తలపాగా చుట్టి సాగనంపాలి. నర్సన్న ఆ తలపాగా చుట్టడం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక చుట్టు చుట్టి ఆగుతాడు, విప్పుతాడు, మళ్లీ చుడతాడు, కాస్త ఆలస్యమైతే కొడుకు ఆగిపోతాడేమో అన్నట్టు. చివరికి ముడి వేశాక ఎడమ పక్కకు తిరిగి ఏడుస్తూ నాలుగు మాటలు పాడాడు. అంతలో వెనక కుర్చీలు జరిగిన చప్పుడు, కాళ్ల చప్పుడు. తిమ్మప్ప నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. నిజమే, లేచిపోతున్నారు. మనసు చివుక్కుమంది. ఇంత మంచి సీను పోతుందా అనుకున్నాను.

తొమ్మిదికి ఆట ముగిసింది. తిమ్మప్ప ఇంట్లోనే అందరికీ జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు, పల్లీల పొడి. నర్సన్న చీర విప్పి లుంగీ కట్టుకున్నాడు కానీ కాటుక సగమే పోయింది. రొట్టెలు తింటుండగా తిమ్మప్ప, "చెప్పున్రి బిడ్డా, మీకు ఏం కనబడ్డది?" అని అడిగాడు. ఇర్ఫాన్ మొదలుపెట్టాడు. "యుద్ధానికి పోయే రాజకుమారుడికి ప్లాస్టిక్ చెప్పులున్నయి" అన్నాడు. అందరూ నవ్వారు, రాజకుమారుడు కాళ్లు మడిచి కూర్చున్నాడు.

తర్వాత మహేశ్వరి. "రాణి ఏడ్చేటప్పుడు జనం లేచిన్రు" అంది.

నర్సన్న రొట్టె తుంచడం ఆపి పళ్లెంలోకి చూస్తున్నాడు. తిమ్మప్ప మామ వైపు చూడకుండా, "ఇగో, నేను గదే అనుకున్న" అన్నాడు. నాకు పాఠం గుర్తొచ్చింది. చూసింది వేరు, అనుకున్నది వేరు అని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. "లేచి ఎటు పోయారు మహేశ్వరీ?" అని అడిగాను.

"ముందటికి మేడం."

"ముందటికా?" అన్నాడు తిమ్మప్ప.

"అవును. తాత గొంతు మైకుల తగ్గినంక వెనకున్నోళ్లకు వినబడలే. ఏమన్నది, ఏమన్నది అని అడుక్కుంట లేచి ఎడమ పరదా పక్కకు వచ్చి నిలబడ్డరు. హోటలాయన గూడ పొయ్యి ఇడిసిపెట్టి వచ్చిండు. పాట అయినంక మల్ల పోయి కూసున్నరు."

తిమ్మప్ప కూర్చునేది కుడి పక్కన. అక్కడి నుంచి ఆయనకు ఖాళీ అయిన కుర్చీలు కనబడతాయి, ఎడమ పరదా అవతల నిలబడ్డ మనుషులు కనబడరు. ఇన్నాళ్లూ ఆయన చూసింది అబద్ధం కాదు, సగం నిజం. ముందు వరసలో కూర్చున్న నేనూ వెనక్కి తిరిగి చూడకుండానే చప్పుడు విని నమ్మేశాను.

"మరి మైకు దిక్కు తిరిగి ఏడ్వరాదు మామా?" అన్నాడు తిమ్మప్ప చివరికి.

"కొడుకు ముంగట ఎట్ల ఏడుస్తరా? వాడు చూస్తే పోతడా?" అన్నాడు నర్సన్న.

తిమ్మప్ప మామ పళ్లెంలో ఇంకో రొట్టె వేసి, "నువ్వు గట్లనే తిరుగు. మైకే నీ దిక్కు వస్తది" అన్నాడు. నర్సన్న తల ఊపాడు. సగం తుడిచిన కాటుక మళ్లీ చెంపల మీదికి జారింది. అది తుడుచుకుంటూ మహేశ్వరిని అడిగాడు. "అయితె నువ్వు నా ముఖమే చూడలేదా బిడ్డా?"

"లేదు తాతా. నిన్ను చూసేటోళ్ల ముఖాలు చూసిన."

"గద్వాలకు రా. అప్పుడు నన్ను చూడు" అన్నాడు.

తిరుగు ప్రయాణానికి తూఫాన్ జీపు ముందే మాట్లాడుకున్నాం, వనపర్తి దాకా రెండున్నర వేలు. రాత్రిపూట ఎర్రవల్లిలో బస్సు మీద ఆశ పెట్టుకోవద్దు.

గద్వాలకు కూడా పోయాం. ఎడమ పక్కన రెండో మైకు వచ్చింది. గంటన్నరకు సరిపెట్టడానికి తిమ్మప్ప చాలావరకు తన హార్మోనియం వాయింపునే తగ్గించుకున్నాడు. ఇన్నేళ్లుగా నేను పిల్లలకు వేదికను చూడటమే నేర్పాను. నచ్చినదాన్ని నచ్చిందని చెప్పడానికి మనసుంటే చాలు, అది ఎవరికి ఎంతవరకు చేరిందో చెప్పడానికి మాత్రం తల తిప్పి చూడాలి. మీరు పిల్లలను ఏ ఆటకు తీసుకుపోయినా ఒక్కరినైనా వేదికకు వీపు పెట్టి కూర్చోబెట్టండి. అలిగినా పర్వాలేదు, కాకపోతే రెండోసారి అదే ఆటను ఎదురుగా చూసే అవకాశం వాళ్లకు ఇవ్వండి.

గద్వాలలో మాత్రం మహేశ్వరిని ముందు వరసలో వేదిక వైపు కూర్చోబెట్టి, వీపు పెట్టి నేను కూర్చున్నాను. నర్సన్న తలపాగా చుడుతున్నంత సేపూ నాకు ఆ పిల్ల ముఖంలోనే ఆట కనబడింది. ఒక్కరూ లేవలేదు. అయిపోయాక చున్నీతో కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, "మంచిగుంది మేడం" అంది.

ఆ మాట రాస్తే సున్నా అని గుర్తు చేశాను.

"రాయను మేడం. ఊకెనే చెప్తున్న" అంది.